బాంకాకు పూటకూళ్లు

థాయి భాషలో భోజనశాలను 'రాన్ ఆహాన్' అందురు. రాన్ అనగా అంగడి. ఆహాన్ మన ఆహారమే. సముద్రము దాటిన సంస్కృతపదము చివరి రేఫమును నకారముగా మార్చుకొని అచ్చట కాపురము పెట్టినది. తెలిసినవారు ఎదురుపడినపుడు 'అన్నము తింటివా?' యని పలుకరించుట మనకు వలెనే వారికిని వాడుక. ఒక రూకకు కమ్మని భోజనము పెట్టిన ఓరుగంటి పూటకూటి యింటిని క్రీడాభిరామము చూపినది. అట్టి యింటిని బాంకాకులో చూడగోరువాడు పెద్ద హోటళ్ల మెట్లెక్కక, కార్యాలయముల వెనుకనున్న సందులలో మధ్యాహ్నము పండ్రెండు గంటలకు నిలువవలెను.

ఒక రేకుల పందిరి, నాలుగు మడతబల్లలు, ప్లాస్టికు పీటలు. అంగడి యంతయు నింతే. ముందు వరుసగా పది పదునైదు గిన్నెలలో కూరలు. భాష రానివాడు వ్రేలితో చూపిన చాలును, అన్నముపై రెండు కూరలు పడును. దీని పేరు 'ఖావ్ కేంగ్', అనగా అన్నము, కూర. వెల 40, 50 బాత్‌లు. మన రూపాయలలో నూటికి కొంచెము పైమాట. కూర ప్రాణమంతయు రోటిలో నున్నది. ఎండుమిరప, వెల్లుల్లి, చిన్న ఉల్లి, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రము, ఉప్పువేసి పులియబెట్టిన రొయ్యల ముద్ద చేర్చి మెత్తగా నూరి కొబ్బరిపాలలో ఉడికింతురు. రోటిపచ్చడి నెరిగిన తెలుగు నాలుకకు ఇది దూరపు చుట్టమే. రొయ్యల వాసన మాత్రము మొదటిరోజున కొంత వెనుకకు నెట్టును.

పక్క అంగడిలో నూడుల్సు దొరకును. ఒక్కొక్క అంగడి ఒకటి రెండు వంటకములనే నమ్ముకొనియుండుట అచ్చట సాధారణము. ఏండ్ల తరబడి ఒకే చారు కాచిన చేయి తప్పదు, సరకు వృథాకాదు. వెల తగ్గుటకు అదియు నొక కారణము. అయినను వంటవాడు ఆ చారును పూర్తిచేయడు. బల్లమీద నాలుగు చిన్న గిన్నెలుండును: పంచదార, ఎండుకారము, మిరపముక్కలు వేసిన వినిగరు, చేపలను ఉప్పులో నెలలకొలది ఊరవేసి తీసిన 'నామ్ ప్లా' రసము. షడ్రుచులలో నాలుగింటిని అతిథి చేతికిచ్చి వంటవాడు తప్పుకొనును. మొదట రుచిచూచి, పిమ్మట ఎవరికి కావలసినంత వారు కలుపుకొందురు. ఉప్పు చాలదన్నచో ముఖము చిన్నబుచ్చుకొను వంటవారి నెరిగిన మనకు ఇది వింత. ఒకే కుండలోని చారు మోటారుసైకిలు బాడుగకు నడుపువాని గిన్నెలో ఒక రుచి, గుమాస్తా గిన్నెలో మరియొక రుచి.

ఈ కారము వారికిని మనకును పుట్టింటి సొత్తు కాదు. మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి కాలమున వచ్చిన పంట. మనము మిరియమును బట్టి దానిని మిరప యన్నాము. థాయివారు మిరియపు పేరైన 'ఫ్రిక్'ను మిరపకిచ్చివేసి, అసలు మిరియమును 'ఫ్రిక్ థాయ్', అనగా థాయి మిరియమని పిలువసాగిరి. ఇంటివాని పేరు ఇల్లరికపుటల్లునికి పోగా, ఇంటివానికి కొత్తపేరు వెదకవలసివచ్చినది!

బాంకాకులో ఒంటిగది అద్దెయిండ్లు పెక్కింటికి వంటగది యుండదు. సాయంకాలము పనినుండి మరలు స్త్రీలు సంచులలో కూరలు కట్టించుకొని పోవుదురు. వారికి 'ప్లాస్టికు సంచి గృహిణి' యని ఎగతాళి పేరొకటి కలదు. దినమంతయు నిలుచుండి పనిచేసి వచ్చి పొయ్యి ముట్టించుట యెట్టిదో ఆ పేరు పెట్టినవారికి తెలియకపోవచ్చును. వీథి అంగడి వారికి విలాసము కాదు, వంటయిల్లు.

ఆ వంటయింటికి నేల కాలిబాట. 2014 తరువాత నగరపాలకులు కాలిబాటలు నడచువారికేయని అంగళ్లను తొలగింపసాగిరి. 2017 ఏప్రిలులో ముఖ్యవీథులనుండి అంగళ్లను తీసివేయుదుమనగా అలజడి పుట్టినది. అంతట చీనావారి యావరాత్ వీథికిని, విదేశీయులు దిగు ఖావ్‌సాన్ వీథికిని మినహాయింపు దొరికినది. అనగా చూడవచ్చినవారికి అంగళ్లు మిగిలినవి. నడచువారి హక్కు కాదనరానిదే. కాని ఆ నడచువారే మధ్యాహ్నము అచ్చట కూర్చుండి తినువారు.

ఆ డిసెంబరులోనే మిషెలిన్ వారి తొలి బాంకాకు సంచిక వెలువడి, జే ఫాయ్ అను వృద్ధురాలి వీథి అంగడికి ఒక నక్షత్రము నిచ్చినది. ఆమె పనితనమునకు అది తగిన గౌరవము. అయితే ఆమె పీత అట్టు వెల వేయి బాత్‌లకు ఎక్కినది. 2024లో 'టామ్ యమ్ కుంగ్' అను రొయ్యలచారు యునెస్కో జాబితాలో చేరినది. చారు జాబితాకెక్కినంతమాత్రాన బండి నిలుపుటకు చోటు దొరకదు. భవనముల లోపలికి మారిన అంగడివాడు అద్దెను గిన్నె ధరలో కలుపక తప్పదు. 50 బాత్‌ల భోజనము 80 అయిననాడు మోటారుసైకిలువాడు నాలుగు గిన్నెల బల్లకు రాడు. వీథిమూలనున్న దుకాణములో వేడినీళ్లు పోసుకొను కాగితపుగిన్నె నూడుల్సు కొనుక్కొనును. అందులోను కారపు పొట్లముండును; పాళ్లు ముందే కొలిచి పెట్టబడియుండును.