యంత్రము తొండి ఆడునా?

మొన్న వేసవి సెలవులలో మా యింట ఒక తగవు వచ్చినది. పదేండ్ల పిల్లవాడు కంప్యూటరుతో ఓడల ఆట ఆడి, వరుసగా మూడు పర్యాయములు ఓడి, “ఇది తొండి! నా ఓడలు ఎక్కడున్నవో దీనికి ముందే తెలుసు” అని లేచిపోయినాడు. వాని మాటను నవ్వి త్రోసిపుచ్చుట న్యాయము కాదనిపించినది. ఓడలను నిలిపిన తెర ఆ యంత్రముదే గదా! చూడదలచుకొన్నచో దానికి అడ్డమేమున్నది?

ఈ ఆట మన పాఠకులలో అనేకులు ఎరిగినదే. అడ్డముగా పది, నిలువుగా పది, మొత్తము 100 గళ్లు. ఒక్కొక్కరికి అయిదు ఓడలు: 5 గళ్లది ఒకటి, 4 గళ్లది ఒకటి, 3 గళ్లవి రెండు, 2 గళ్లది ఒకటి; వెరసి 17 గళ్లు. ఎదుటివాని ఓడలు మనకు కనబడవు. గడి పేరు చెప్పి గుండు వేయవలెను. అది ఓడకు తగిలినదో, నీటిలో పడినదో అతడు చెప్పవలెను. కాగితముపై గళ్లు గీసికొని ఆడుచుండిన ఈ ఆటను 1967లో అమెరికాలోని మిల్టన్ బ్రాడ్లీ సంస్థ ప్లాస్టిక్ పలకలతో అమ్మకమునకు తెచ్చినది. కంప్యూటరు ప్రత్యర్థిగా కూర్చుండుట తరువాతి ముచ్చట.

చూడకుండ యంత్రము ఎట్లు గెలుచును? లెక్కపెట్టి గెలుచును. 5 గళ్ల ఓడనే తీసికొందము. అది ఒక వరుసలో 6 విధములుగా ఇముడును. అడ్డవరుసలు పది, నిలువు వరుసలు పది కనుక మొత్తము 120 విధములు. వీనిలో నట్టనడిమి గడిని కప్పునవి 10. మూలగడిని కప్పునవి రెండే. అందుచేతనే తొలి గుండు తరచు నడుమ పడును. గుండు నీటిలో పడిన ప్రతిసారియు కొన్ని విధములు కొట్టివేయబడును. యంత్రము మిగిలినవానిని మరల మొదటినుండి లెక్కించును. మనకైతే రెండవ గుండుకే విసుగు పుట్టును. దానికి అది రెప్పపాటు పని.

ఇంకొక ఉపాయము కలదు. గళ్లను చదరంగపు బల్లవలె నలుపు తెలుపులుగా భావించినచో, ఎంత చిన్న ఓడయైనను ఒక నల్లగడిపై నిలువక తప్పదు. కావున వెదకుటకు 50 గళ్లు చాలును. 2 గళ్ల ఓడ మునిగిన పిదప మూడింట ఒక గడి చాలును. దెబ్బ తగిలినంతనే వెదకుట మాని నాలుగు ప్రక్కల గళ్లను పరీక్షించును. రెండవ దెబ్బ తగిలినచో ఓడ అడ్డమో నిలువో తేలును. ఆపైన ఆ వరుస కొనలనే కొట్టును. పిల్లవానికి మంత్రమువలె తోచినది ఇదియే.

అయినను వాని అనుమానము పూర్తిగా నిరాధారము కాదు. సముద్రమంతయు మంచుతో కప్పబడియుండు పెద్ద యుద్ధక్రీడలు కొన్నింటిలో ఆ మంచు ఆటగానికే గాని యంత్రమునకు లేదు. మరికొన్నింటిలో కఠినస్థాయి యనగా యంత్రమునకు అదనపు ధనము, అదనపు ఓడలు ఇచ్చుటయే. తెలివిని కల్పించుటకంటె కన్ను తెరచి చూడనిచ్చుట సులభము! దీనిని ఆటగానికి ముందుగా చెప్పకుండుట మాత్రము మాకు సమ్మతము కాదు.

మా తగవు తీర్చుటకు, దెబ్బ ఫలితమును ఆటగాడే చెప్పుటకు వీలున్న ప్రోగ్రామునొకదానిని తెచ్చితిమి. పిల్లవాడు ఓడలను కాగితముపై గీసి మడిచి జేబులో దాచుకొనినాడు. యంత్రము మరల గెలిచినది. వాని ముఖము చిన్నబోయినది గాని తొండి అను మాట మరల రాలేదు. పిమ్మట లెక్కను వానికి వివరించితిమి. కొంతసేపు ఆలోచించి, ఈసారి ఓడలన్నిటిని అంచుల వెంట నిలిపినాడు. యంత్రము నడుమనున్న నీటిని చాలాసేపు కొట్టి కొట్టి ఓడిపోయినది.

మరునాడు వాడు అదే పన్నుగడతో చెల్లెలితో ఆడినాడు. ఆ పిల్ల మొదటి గుండునే అంచున వేసినది.