పిల్లల ముఖముపై రాతికంతి

పిల్లల చెక్కిలిమీదనో, కనుబొమయొద్దనో, చెవిముందరనో చర్మముక్రింద శనగగింజంత గట్టికంతి యొక్కొక్కప్పు డగపడును. సామాన్యముగా నొప్పి యుండదు. నెలలతరబడి మెల్లగా పెరుగును. ఇది యరుదైనదే. అయినను పలువురికి ఇరువదియేండ్లలోపుననే కలుగునది గావున, శ్రీహరికోట దీవిలోను సూళ్లూరుపేట ప్రాంతమునను గల మా చదువరులకై దీనినిగూర్చి కొంత వ్రాయుచున్నాము. వైద్యులు దీనిని పిలోమెట్రికోమా యందురు. ఇది క్యాన్సరు కాదు.

వెండ్రుకను పెంచు మూలకణము లొకచోట నదుపుదప్పి పెరుగుటచే నీ కంతి పుట్టును. 1880లో మలెర్బ్, షెనంతే యను ఫ్రెంచివైద్యులు దీనిని వర్ణించి, చర్మమందలి చమురుగ్రంథులనుండి పుట్టినదని తలంచిరి. రోమమూలమే దీని పుట్టుచోటని 1961లో ఫోర్బిస్, హెల్విగ్ అనువారు తేల్చిరి. ఆ కణములు క్రమముగా చచ్చి, వానియందు సున్నపులవణములు పేరుకొనును. కనుకనే కంతి రాయివలె నుండును. పులికాటు సరస్సులోని గుల్లలతో సున్నము చేయుట మనవా రెరిగినదే గదా! లోపలనే సున్నమున్న కంతికి వెలుపల సున్నమును బెల్లమును పట్టువేసినచో చర్మము పొక్కునే గాని కంతి కరగదు. వాతపెట్టుట, సూదితో పొడుచుట యింతకంటె కీడు.

వైద్యుడు మొదట వ్రేళ్లతో పరీక్షించును. చర్మమును సాగదీసినప్పుడు, గుడారపుగుడ్డక్రింద గుంజ నిలిచినట్లు కంతి కోణములు పైకి తేలును. కొందరికి పైచర్మము నీలిచాయగా నుండును. మెడబిళ్లలును, నీరుబుడ్డలును ఇంత గట్టిగా నుండవు. అల్ట్రాసౌండు కొంత తోడ్పడును. సూదితో కణములను తీసి చూచుట యొక్కొక్కప్పుడు క్యాన్సరేమో యను భ్రమ గొల్పును. తీసిన కంతిని సూక్ష్మదర్శినితో పరీక్షించుటయే తుదినిర్ణయము. అందు నడిబీజము నశించి, ఆకారము మాత్రము మిగిలిన కణము లగపడును. వీనిని వైద్యులు దయ్యపుకణము లందురు; విద్యార్థులు జడియ నక్కరలేదు.

ఈ కంతి తనంతట కరగుట మిక్కిలి యరుదు. కోసి తీయుటయే చికిత్స. చోటు మొద్దుబారునట్లు మందు పొడిచి, చిన్నపిల్లలకైనచో మత్తిచ్చి, ముఖపుముడుతల వెంబడి కోసి, కంతి నంతయు తీయుదురు. అంటుకొనిన చర్మమునుగూడ కొంత తీయవలసివచ్చును. చెవిముందర ముఖమును కదల్చు నరము పోవుచున్నది గావున, అచ్చట నేర్పరియైన శస్త్రవైద్యుడే చేయవలెను. కుట్లు సాధారణముగా వారములోపున విప్పుదురు. పూర్తిగా తీసినచో మరల వచ్చుట యరుదు.

ఆడపిల్ల మొగమున మచ్చపడునని తల్లు లాలసించుట కలదు. కాని కంతి పెద్దదైనకొలది కోతయు పెద్దదగును. నెల్లూరు, తిరుపతి, చెన్నపట్టణములలోను, 1900లో ఐడా స్కడ్డరు ప్రారంభించిన వెల్లూరు వైద్యాలయమునను ఇట్టి చికిత్స కలదు. తీసిన కంతిని పారవేయనీయక పరీక్షకు పంపించి, ఆ కాగితమును భద్రపరచుకొనవలెను. కంతి త్వరగా పెరిగినను, పుండుపడినను, తీసినచోటనే మరల లేచినను జాగుచేయరాదు. ఒకరికే పలుకంతులు లేచినచో, కండరములను క్షీణింపజేయు నొక వంశపారంపర్యవ్యాధి యున్నదేమో యనియు వైద్యుడు విచారించును.