మాట్లాడే పలక

కడప జిల్లాలోని ఒంటిమిట్ట అన్న ఊరి పేరు కంటికి నాలుగు అక్షరాలు, కంప్యూటరుకు తొమ్మిది. ఒ, సున్న, ట, గుడి, మ, గుడి, ట, పొల్లు, మళ్లీ ట. చెప్పినట్టు వినే వేళ్లున్నవాళ్లకు ఈ తేడా తెలియనే తెలియదు. సెరిబ్రల్ పాల్సీతో పుట్టి, నోరు మాటకూ చేయి రాతకూ లొంగని పిల్ల సంగతి వేరు. తల పక్కన ఒక మీట, ఎదురుగా తెర ఉన్నాయనుకోండి. తెర మీద ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది గళ్లు. వెలుగు ఒక్కో వరసా దిగుతూ వస్తుంది. కావలసిన వరస రాగానే తలతో మీట నొక్కాలి. అప్పుడు వెలుగు ఆ వరసలో గడిగడికీ జరుగుతుంది, మళ్లీ నొక్కాలి. ఒక్కోచోట సెకను ఆగితే ఒక్క గుర్తుకు సగటున తొమ్మిది సెకన్లు. సొంత ఊరి పేరు రాయడానికి దాదాపు నిమిషం ఇరవై సెకన్లు, అదీ ఎక్కడా గురి తప్పకపోతే.

"యా ఊరు పాపా మీది?" అని అడిగిన పెద్దమనిషి అంతసేపు నిలబడడు. ఐదో సెకనుకే వాళ్లమ్మ వైపు తిరుగుతాడు.

మాటకు తోడుగానో బదులుగానో వాడే ఇలాంటి సాధనాలన్నిటినీ కలిపి ఇంగ్లీషువాళ్లు ఏఏసీ అంటున్నారు. బొమ్మల అట్ట నుంచి కంటిచూపుతో నడిచే కంప్యూటరు దాకా అన్నీ అందులోవే. వీటి చరిత్రను ఎలక్ట్రానిక్స్ చరిత్రగానే రాస్తుంటారు. నాకు మాత్రం అందులో ఒక పేచీ కనిపిస్తుంది. పెట్టెలో ఏ మాటలుండాలి? వాటిని ఎవరు పెట్టాలి?

1960 ప్రాంతంలో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి రెగ్ మేలింగ్ అనే ఆయన రోగులను పలకరించడానికి వెళ్లేవాడు. మెడ కింద కదలిక లేనివాళ్లకు అక్కడున్న సాధనమల్లా నర్సును పిలిచే గంట. ఆయన ఒక గొట్టం తెచ్చి టైపురైటరుకు కలిపాడు. ఊదితే ఒక సంకేతం, పీలిస్తే మరొకటి, వాటితో అక్షరాలు పడేవి. పాసమ్ అని పేరు పెట్టారు. అందులో ఉన్నవి అక్షరాలే గనుక ఏం రాయాలన్నది పూర్తిగా రోగి ఇష్టం. ఆ స్వేచ్ఛ మాత్రం చదువు వచ్చినవాళ్లకే.

చదువింకా రాని పిల్లలకు దారి చూపింది చార్లెస్ బ్లిస్. నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బయటపడి, షాంఘై చేరి, చైనా లిపిని చూసి ముచ్చటపడిన ఇంజినీరు ఆయన. ప్రపంచమంతా ఒకే గుర్తుల భాషలో రాసుకుంటే యుద్ధాలు తగ్గుతాయని నమ్మి, ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాక 1949లో గుర్తుల పుస్తకం అచ్చేయించాడు. ప్రపంచం పట్టించుకోలేదు. 1971లో టొరంటోలోని ఒక వికలాంగ పిల్లల కేంద్రంలో షెర్లీ మెక్‌నాటన్ అనే టీచరు ఆ పుస్తకం చూసి, మాటరాని తన పిల్లల ముందు ఆ గుర్తుల అట్టలు పెట్టింది. పిల్లలు వాటిని వేలితో చూపిస్తూ వాక్యాలు కట్టడం మొదలుపెట్టారు. బ్లిస్ మొదట పొంగిపోయాడు. కొన్నాళ్లకు, నా గుర్తుల్ని మార్చి పాడుచేస్తున్నారంటూ ఆ కేంద్రం మీదే కోర్టుకెక్కాడు. పిల్లలకు కావలసింది కబుర్లాడటం, ఆయనకు కావలసింది ప్రపంచశాంతి. రెండూ ఒకే అట్టలో ఇమడలేదు.

స్టీఫెన్ హాకింగ్ కథ అందరికీ తెలిసిందే గనుక తొందరగా దాటేస్తాను. 1985లో జెనీవాకు వెళ్లినప్పుడు ఆయనకు న్యుమోనియా వచ్చి, ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేయాల్సి వచ్చింది. అప్పటికే ముద్దగా ఉన్న మాట పూర్తిగా పోయింది. కొంతకాలం ఎవరో అక్షరాల అట్ట పట్టుకుంటే, సరైన అక్షరం దగ్గర కనుబొమ్మ ఎత్తి సరిపెట్టుకున్నారు. కాలిఫోర్నియాలో వాల్ట్ వోల్టోజ్ తన అత్తగారి జబ్బు కోసం రాసుకున్న ప్రోగ్రాము తర్వాత చేతికందింది. మీట నొక్కుతూ నిమిషానికి పదిహేను మాటలు. మనం మామూలుగా మాట్లాడేది నూట ఇరవై పైనే. ఆయన రాసింది చదివే యంత్రపు గొంతు వెనక ఎంఐటీ శాస్త్రజ్ఞుడు డెన్నిస్ క్లాట్ గొంతు ఉంది. తన ఉచ్చారణనే కొలిచి, సమీకరణాలుగా మార్చి, యంత్రం చేత పలికించాడు. క్యాన్సరుతో సొంత గొంతు పాడవుతుండగానే ఈ పని చేసి, 1988లో 50 ఏళ్లకే పోయాడు. మెరుగైన గొంతులు వచ్చాక కూడా హాకింగ్ పాతదాన్ని వదల్లేదు. అది అప్పటికి ఆయన గొంతైపోయింది.

మన వైపు వద్దాం. ఒంటిమిట్ట మీదుగా పోయే రైలు పట్టాలు రేణిగుంట దాటి చెన్నై చేరతాయి. ఆ చెన్నైలో విద్యాసాగర్ అనే సంస్థ సెరిబ్రల్ పాల్సీ పిల్లలతో పనిచేస్తోంది. అక్కడి పిల్లల అవసరం చూసి ఐఐటీ మద్రాసులో చదివిన అజిత్ నారాయణన్ 'ఆవాజ్' అనే పరికరం తయారుచేశాడు. అమెరికా పరికరాలు లక్షల్లో ఉన్న రోజులవి. కుదురులేని చేతితోనో తలతోనో మీట నొక్కితే బొమ్మలు మాటలయ్యేవి. 2010లో దానికి జాతీయ అవార్డు దక్కింది. తర్వాత విడి పరికరం పోయి ట్యాబులో యాప్ అయింది, భారతీయ భాషలు ఒక్కొక్కటే చేరాయి, తెలుగుతో సహా.

తెలుగు గొంతు తయారీ ఇంకో కథ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి యంత్రానికి వినడం నేర్పిన తొలితరం వాళ్లలో ఒకరు, 1994లో ట్యూరింగ్ అవార్డు పంచుకున్నారు. యంత్రానికి పలకడం నేర్పడమేమో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో సాగింది. రికార్డు చేసిన మాటల్ని ముక్కలుగా కోసి, కావలసినట్టు అతికించి, కొత్త వాక్యం పలికించడం ఆ పద్ధతి. ముక్క ఎంత ఉండాలి? కిశోర్ ప్రహల్లాద్, అలన్ బ్లాక్ 2003లో హిందీ మీద పరీక్షించి, ధ్వనిని మరీ చిన్న తునకలు చేసేకంటే అక్షరాన్ని ముక్కగా తీసుకుంటేనే వినసొంపుగా ఉందని తేల్చారు. హల్లూ అచ్చూ అతుక్కుని ఉండే మన లిపి పద్ధతికి అది దగ్గర. తర్వాత ఐఐటీ మద్రాసు నడిపించిన ఉమ్మడి ప్రాజెక్టులో తెలుగు గొంతు కూడా తయారైంది.

గొంతు దొరికింది, బొమ్మలు దొరికాయి, ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లీషులో 'నేను', 'కావాలి', 'నీళ్లు' అనే మూడు గళ్లు వరసగా నొక్కితే వాక్యం దాదాపు తయారైనట్టే. గడిలోని మాట పెద్దగా మారదు. తెలుగులో 'నేను' కాస్తా 'నాకు' కావాలి. 'తిను' అన్న ఒక్క గడి వెనక తిన్నాను, తిన్నావు, తినలేదు, తినను, తిననీ అన్నీ దాగుంటాయి. ఎవరు, ఎప్పుడు, ఒప్పుకోలా మొరాయింపా, అంతా మాట తోకలోనే ఉంది. ఇంగ్లీషు గళ్లను అనువదించి ఊరుకుంటే పిల్ల నోట "నేను తిను అన్నం" అని వస్తుంది. తెలుగు పేజీల్లో తోకలకూ చోటుండాలి. అలా కాదని మొత్తం వాక్యాలనే గళ్లలో పెడితే వేగం వస్తుంది గానీ, ఎవరో ముందే అనుకున్న మాటలే వస్తాయి.

మర్యాద ఇంకో తలనొప్పి. 'రా'కు ఒక గడి, 'రండి'కి ఇంకొకటి లేకపోతే బడిలో అయ్యవారిని ఏకవచనంతోనో, ఇంట్లో జేజిని పరాయిదాన్ని చేసినట్టు బహువచనంతోనో పిలవాలి. కడప జిల్లాలో ఏ మనవరాలూ జేజిని 'రండి' అనదు. ఇక తిండి. పరాయి దేశంలో గీసిన బొమ్మల్లో బ్రెడ్డు ముక్క సులువుగా దొరుకుతుంది, సంగటి ముద్ద దొరకదు. దానికి ఉపాయం సులువు. చాలా యాపుల్లో ఫోటో తీసి గడిలో పెట్టుకోవచ్చు, పక్కన గొంతు రికార్డు చేసుకోవచ్చు. సంగటి, ఊరిబిండి, చెనక్కాయలు, కల్యాణం, మేనమామ పేరు, ఇవన్నీ ఒక సాయంత్రం పని.

అడిగే మాటలు కూడా ఉండాలి. మన ఇళ్లలో అట్టలు సాధారణంగా నీళ్లు, అన్నం, బాత్రూముతో మొదలై అక్కడే ఆగిపోతాయి. ఒంటిమిట్ట కోదండరాముడి గర్భగుడిలో సీత ఉంటుంది, లక్ష్మణుడు ఉంటాడు, ఆంజనేయుడు ఉండడు. గుడికొచ్చిన ప్రతి పిల్లా "హనుమంతుడు యాడ?" అని అడిగి, రాముడికి ఆయన ఇంకా పరిచయం కాకముందు చెక్కిన విగ్రహాలని పెద్దలు చెప్పింది విని పోతుంది. 'ఎక్కడ', 'ఎందుకు' గళ్లు లేని పిల్లకు ఆ కథ ఎవరూ చెప్పరు. అడగలేదు కదా.

ట్యాబు కొనలేనివాళ్లకు అట్ట ఉంది. అట్టను చిన్నచూపు చూడకూడదు, ముఖ్యంగా ఒంటిమిట్టలో. వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కుని ఈ గుడిని బాగుచేయించారు, ఆ చిప్ప మీద శతకమే రాశారు. అట్టకు కరెంటు అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెర మీద ఏమీ కనబడదు, అట్ట కనబడుతుంది. రాత్రిపూట జరిగే సీతారాముల కల్యాణంలో మళ్లీ తలకిందులు. వెన్నెల్లో అట్ట మీది చిన్న బొమ్మలు తెలియవు, ట్యాబు వెలుగుతుంది గానీ మేళాల హోరులో దాని గొంతు వినబడదు. రెండూ వెంట ఉంచుకోవాలి. మూడోది ఖర్చే లేనిది: అమ్మ మాటలు ఒక్కొక్కటే చదువుతుంది, కావలసినది రాగానే పిల్ల కళ్లు పైకెత్తుతుంది.

మిషను అలవాటైతే నోరు ఇక తెరవదేమో అన్న భయం చాలామంది తల్లిదండ్రులది. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అంతవరకూ వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. గట్టి ఆధారాలున్న 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు. 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది. చట్టం సంగతీ చెప్పుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ పద్ధతులన్నిటినీ సంభాషణ నిర్వచనంలోనే చేర్చింది. అంటే అట్ట చూపిస్తే మాట్లాడినట్టే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో అడగడానికి ఈ ఒక్క ముక్క పనికొస్తుంది.

అయితే పరికరం ఇచ్చేసి, ఇక మాట్లాడు అని కూర్చుంటే పిల్ల మాట్లాడదు. మామూలు పిల్లలు మొదటి మాట అనేలోపు ఏడాది పాటు మన మాటలు వింటారు. ఈ పిల్ల చుట్టూ ఉన్న ఎవరూ ఆ గళ్ల భాషలో మాట్లాడరు. అందుకే అమ్మ "సంగటి తిందామా" అంటూ తానూ ఆ గళ్లు నొక్కాలి, రోజూ, పిల్ల తిరిగి నొక్కినా నొక్కకపోయినా. బొమ్మ చూపించి "ఇది ఏంది, చెప్పు" అని పరీక్ష పెట్టకూడదు. అల్లరి చేసిందని ట్యాబు లాక్కోకూడదు, ఎంత అల్లరి చేసినా మన నోటికి ప్లాస్టరు వేయరు కదా. అన్నిటికంటే కష్టం ఆగడం. ఆ నిమిషం ఇరవై సెకన్లు నోరు మూసుకుని, తెర వైపు కాకుండా పిల్ల ముఖం వైపు చూస్తూ నిలబడటం.

చివరికి తిట్ల దగ్గర పేచీ వస్తుంది. 'వద్దు', 'నాకు నచ్చలే', 'పోరా' లాంటి గళ్లు ముందే పెట్టమని థెరపిస్టులు చెబుతారు. ఇంట్లోవాళ్లు మొదట తీసేసేవి అవే. తమ్ముడు బొమ్మ లాక్కుంటుంటే ట్యాబు స్టూడియో గొంతుతో "దయచేసి వెళ్లండి" అంటే వాడు నవ్వుతాడే తప్ప కదలడు. అక్కడ 'పోరా' ఉండాలి. దాన్ని రికార్డు చేసేటప్పుడు అమ్మ గొంతు వాడకూడదు. అదే వయసు ఆడపిల్లను, మేనత్త కూతురినో పక్కింటి పాపనో కూర్చోబెట్టి, కాస్త కోపంగానే పలకమనాలి.