ఇయర్‌బడ్స్‌లో కళింగపట్నం

రివ్యూ కోసం తెప్పించిన ఇయర్‌బడ్స్‌ని ఈసారి నాకంటే అమ్మే ఎక్కువ వాడింది. రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయి మూడేళ్లు. ఏటా మామోగ్రామ్‌కి శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్తాం. ఆ డేట్‌కి పది రోజుల ముందు నుంచే అమ్మకు నిద్ర పట్టదు.

అందుకే గైడెడ్ ఇమేజరీ ట్రై చేశాం. కళ్లు మూసుకుని, ఒక గొంతు చెప్తుంటే నచ్చిన చోటును శబ్దం, వాసనతో సహా ఊహించుకోవడం. 1978లో అమెరికన్ డాక్టర్ కార్ల్ సైమంటన్ ఒక పుస్తకంలో క్యాన్సర్ కణాలతో శరీరం పోరాడుతున్నట్టు ఊహించుకోమన్నాడు. దాంతో క్యాన్సర్ తగ్గుతుందని రుజువు కాలేదు. ఒత్తిడి సంగతి వేరు. దీనికి దగ్గరి చుట్టమైన ధ్యానాన్ని 2017 నాటి సొసైటీ ఫర్ ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ గైడ్‌లైన్స్ రొమ్ము క్యాన్సర్ పేషెంట్ల ఒత్తిడికి సిఫారసు చేశాయి. మందులు, చెకప్‌లు మాత్రం మానకూడదు.

మొదట ఒక ఫ్రీ యాప్. ఇంగ్లీష్ గొంతు, ఎక్కడిదో సముద్రం, మధ్యలో లోన్ యాడ్. "ఇప్పుడు ఛాతీ మీద ధ్యాస పెట్టండి" అనగానే అమ్మ బడ్స్ తీసేసింది. ఆపరేషన్ అయిన చోటు అది. యాప్ తయారుచేసినవాళ్లకి తట్టలేదు, నిజానికి నాకూ తట్టలేదు. తర్వాత తెలుగు టెక్స్ట్-టు-స్పీచ్. "ఏట్రా, ట్రైన్ లేటని సెప్పినట్టుంది" అంది.

అప్పుడు అడిగాను, ఎక్కడికి వెళ్లాలనుందని. కళింగపట్నం అంది, చిన్నప్పుడు సెలవులకెళ్లిన చోటు. ఒక ఆదివారం తెల్లారేసరికి వంశధార సముద్రంలో కలిసే దగ్గర ఫోన్‌తో అలలు రికార్డ్ చేశాను. గాలి హోరు రాకుండా మైక్ మీద చేతిరుమాలు కప్పాను. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ వేస్తే అలలే పోయాయి, దానికి సముద్రం కూడా నాయిసే కదా. తీసేశాను. మాటలు పిన్నితో చెప్పించాను, మా ఇంటి యాసలోనే: తడి ఇసుక, ఎండు చేపల వాసన, దూరంగా లైట్‌హౌస్. ఛాతీ మాట లేదు. మొత్తం 12 నిమిషాలు.

స్మార్ట్‌వాచ్ కూడా పెట్టాను. గుండె కొట్టుకోవడంలో తేడాల్ని బట్టి స్ట్రెస్ స్కోర్ ఇస్తుంది. అమ్మ నిమిషానికోసారి కళ్లు తెరిచి స్కోర్ చూసుకుంటోంది. తీసేయించాను.

మొన్న విశాఖ బస్సులో రెండుసార్లు వింది. నాయిస్ క్యాన్సిలేషన్ అక్కడ బాగా పనికొచ్చింది. స్కాన్ గదిలోకి మాత్రం బడ్స్ తీసేసి వెళ్లాలి. బయటికొచ్చాక ఎలా ఉందని అడిగితే, "లైట్‌హౌస్ దాకా ఎల్లొచ్చీసేను" అంది.

రిపోర్ట్ గురువారం. బడ్స్ రివ్యూ ఆ తర్వాతే.