రక్తపుపోటును కాచు నరములు

పరుండినవాడు లేచి నిలుచున్నప్పుడు శరీరములో నొక పెద్ద మార్పు కలుగును. సుమారు అర లీటరు మొదలు ముప్పాతిక లీటరు వరకు రక్తము కాళ్లలోనికిని కడుపులోనికిని దిగును. గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గి, మెదడునకు చాలినంత రక్తము ఎక్కక, మనుష్యుడు సొమ్మసిల్లవలసినదే. అయినను ఆరోగ్యవంతులు దినమునకు ఎన్నిమారులు లేచినను పడుట లేదు. దీనికి కారణమగు ఏర్పాటును, అందలి యొక లోపమును రైతు సోదరులు తెలిసికొనుట యవసరము. ఏలయన రక్తపుపోటు జబ్బు చాలకాలము తెలియకుండ దాగియుండుటకు ఆ లోపమొక కారణము.

మెడకు ఇరుప్రక్కల కంఠధమని రెండుగా చీలుచోటను, గుండెనుండి బయలుదేరు బృహద్ధమని వంపునందును, గోడలలో సన్నని నరముల కొనలు గలవు. రక్తము లోపలినుండి నెట్టినకొలది గోడ సాగును. సాగినకొలది ఆ నరములు మెదడు అడుగుభాగమునకు వార్తలు పంపును. పోటు హెచ్చినచో మెదడు గుండెను నెమ్మదిపరచి రక్తనాళములను వదులుచేయును. తగ్గినచో గుండెను వడిగా కొట్టించి నాళములను బిగించును. ఇదంతయు కొలది సెకండ్లలో జరుగును. కంఠధమనియందలి యీ ఏర్పాటును జర్మనీ దేశపు హెరింగ్ పండితుడు 1920 తరువాతి సంవత్సరములలో విశదపరచెను. ఈ స్థానములు శ్వాసను నడపుటలో చేయు పనిని కనుగొన్నందుకు బెల్జియము దేశస్థుడగు హేమన్సునకు 1938వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

అయితే యీ నరములు ముఖ్యముగా గమనించునది మార్పునే గాని మట్టమును గాదు. చెరువు తూమువద్ద కావలివాడు గుంజమీద గీచిన గుర్తునుబట్టి నీటిని చూచుచుండుననుకొందము. నీరు గుర్తు దాటిన మొదటి దినమున అతడు కేకలు వేయును. నీరు పదిదినములు అట్లే నిలిచినచో, పాతగుర్తు చెరిపి పైన క్రొత్తగుర్తు గీచుకొని, యిదియే సరియైన మట్టమని యూరకుండును. కట్టమీది బరువు మాత్రము తగ్గలేదు! మన నరములును అట్లే. పోటు హెచ్చియే యున్నచో కొలది నిమిషములలోనే వాని యలవాటు ప్రారంభమై, కొన్ని దినములలో ఆ హెచ్చు పోటునే వాడుక పోటుగా నెంచును. 1956లో అమెరికాలో మెక్కబ్బిన్, గ్రీన్, పేజ్ అనువారు, దీర్ఘకాలము హెచ్చు పోటు గల కుక్కలయందు ఈ నరములు ఆ హెచ్చు మట్టముననే పనిచేయుచుండుట చూపిరి. 1973లో కౌలీ, గైటన్ మొదలగువారు కుక్కలకు ఈ నరములను తెంపి చూడగా, పోటు మాటిమాటికి విపరీతముగా హెచ్చుచు తగ్గుచు నుండెనే గాని, దినమంతటి సగటు అంతగా మారలేదు. దీర్ఘకాలపు పోటును నిర్ణయించునవి ముఖ్యముగా ఉప్పును నీటిని విసర్జించు మూత్రపిండములేయని గైటన్ వాదించెను.

దీనినుండి మనము నేర్వవలసినవి మూడు.

మొదటిది: తలనొప్పి లేదు, తూలుట లేదు గనుక పోటు లేదనుకొనరాదు. కావలివాడు మౌనముగా నున్నను లోలోపల గుండె, మెదడు, మూత్రపిండములు, కన్నులు చెడుచుండవచ్చును. కొలిపించుకొననిదే సంగతి తెలియదు. వేర్వేరు దినములలో కొలిచినను 140/90 గాని అంతకు మించిగాని యున్నచో వైద్యుని సలహా పొందవలెను.

రెండవది: మందు పుచ్చుకొన్న మొదటి దినములలో కొందరికి నీరసమును, తలతిరుగుటయు కలుగవచ్చును. తగ్గిన మట్టమునకు నరములు అలవాటుపడుటకు వ్యవధి కావలెను. అంతమాత్రమున ‘మందు పడలేదు’ అని తమంతట తాము మానక, వైద్యునికి చెప్పి మోతాదు సవరింపించుకొనవలెను. ఒంట్లో బాగున్నదని మానుటయు అపాయమే. పోటు అదుపులో నున్నది ఆ మందువలననే.

మూడవది: వృద్ధులలో ధమనుల గోడలు బిరుసెక్కి యీ నరములు మందగించును. ఎండలో చెమటపట్టి ఒంటి నీరు తగ్గినవారును, వంగి నాట్లు వేసి చప్పున నిలుచుండువారును కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోవచ్చును. అట్టివారు తగినంత నీరు త్రాగుచు, మొదట కూర్చుండి, పిక్కలు కదలించి, పిమ్మట మెల్లగా లేవవలెను. మాటిమాటికి ఇట్లగుచున్నచో పరుండినప్పటి పోటును, నిలుచున్న మూడు నిమిషములలోపలి పోటును వైద్యునిచేత కొలిపింపవలెను. పై సంఖ్య 20 గాని, క్రింది సంఖ్య 10 గాని తగ్గినచో చికిత్స యవసరమగును.

ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును ఏడాదికొకమారైనను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పోటు కొలిపించుకొనుట మేలు. ఎడ్ల డెక్కలు, బండి ఇరుసు, చేని గట్టు ఏటేటా చూచుకొను రైతునకు ఇది పెద్ద పని గాదు.