బాలి స్పాకు వెళ్తున్నారా? మందులు మానకండి!

ఓ వారం బాలికి వెళ్లి మసాజ్, యోగాతో సేదతీరాలనుకోవడం మంచిదే. కానీ బీపీ, షుగర్ కూడా మనతోపాటే విమానం ఎక్కుతాయి. ఆ మధ్య ఒకాయన అలాంటి విహారయాత్ర నుంచి నేరుగా మా ఓపీకి వచ్చారు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. సాక్సు తీస్తే అరికాలి నిండా బొబ్బలు. స్పాలో వేడినీళ్ల తొట్టిలో పాదాలు పెట్టారట. స్పర్శ తగ్గడంతో కాలిన సంగతే తెలియలేదు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

బయల్దేరే ముందు

నెల ముందే మీ డాక్టర్ని కలవండి. మరో వారానికి సరిపడా మందులు అదనంగా తీసుకుని, ప్రిస్క్రిప్షన్‌తో సహా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. ఇన్సులిన్ చెక్-ఇన్ లగేజీలో వేయొద్దు. గడ్డకడితే పనిచేయదు. బాలి సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మందుల వేళలు అడిగి రాసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులు దాచకండి.

స్పాలో..

బీపీ మాత్రలు వాడేవారికి ఆవిరి గదిలో బీపీ పడిపోయి, లేవగానే కళ్లు తిరగొచ్చు. గర్భిణులు ఆవిరి గదికి వెళ్లొద్దు. గుండెజబ్బు ఉంటే డాక్టర్ని అడగకుండా వెళ్లొద్దు. షుగర్ ఉన్నవారికి వేడిరాళ్ల మసాజ్ వద్దు. నీళ్ల వేడిని పాదంతో కాకుండా మోచేత్తో చూడండి. ఒక పిక్కే వాచి నొప్పిగా ఉంటే మసాజ్ చేయించుకోకండి. విమానంలో గంటల తరబడి కదలకుండా కూర్చోవడంతో అక్కడ రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

‘డీటాక్స్’ పేరుతో..

ఒంట్లోని వ్యర్థాల సంగతి కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయి. జ్యూసులతో అదనంగా ఒరిగేదేమీ లేదు. పైగా తిండి మానేసి గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. అలాగని మందులు, ఇన్సులిన్ సొంతంగా ఆపేయడమూ ప్రమాదమే. షుగర్ ఉన్నవారు వేళకు తినడమే మేలు.

కోతి గీరినా..

బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. ఉబుద్ కోతుల వనంలో సెల్ఫీల కోసం దగ్గరికి వెళ్లకండి. కోతి, కుక్క కరిచినా, గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ‘ఇంటికెళ్లాక చూద్దాం’ అనుకోవద్దు. డెంగీ దోమ పగలే కుడుతుంది. ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకుని, దోమల క్రీమ్ రాసుకోండి. కుళాయి నీళ్లు తాగొద్దు. సీల్ ఉన్న సీసా నీళ్లే తాగండి.

చివరగా ఒక్కమాట. స్పాలో ఇచ్చే ఫారంలో జబ్బుల గురించి అడిగితే ‘ఏమీ లేవు’ అని రాయకండి. అడగకపోయినా మీరే చెప్పండి.