గుండెపోటు పరీక్ష – ఒక తెలుగువాని పరిశోధన

కొలిమిగుండ్ల సమీపాన ఉన్న బెలుం గుహలలో పాతాళగంగ అనే చోటు ప్రవేశద్వారానికి సుమారు 46 మీటర్ల లోతున ఉన్నది. దిగేటప్పుడు ఎవరికీ ఏమీ తోచదు. తిరిగి మెట్లెక్కేటప్పుడే కొందరికి రొమ్ము బిగబట్టినట్లై ఎడమ చేయి లాగుతుంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. గ్యాసు అనుకొని, వాము నమిలి ఊరుకొనేవారే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో ఎక్కువ. శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే నొప్పిని ముందుగా గుండెకు సంబంధించినదిగానే అనుమానించవలెను.

గుండె కండరానికి శక్తి ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యవిద్య ముగించి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర రచనా శాస్త్రం బోధించారు. (ఆయుర్వేద విద్యార్థులకు పాఠం చెప్పిన మహనీయుడని తెలిసిన నాడు నాకు కలిగిన సంతోషం ఇంతింత కాదు.) 1923లో బోస్టన్ చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను గుర్తించారు.

ఏ.టి.పి. చేతిలోని చిల్లర వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడివేసిన రూకలు. గుండెలో ఏ.టి.పి. నిల్వ కొద్ది క్షణాలకే చాలుతుంది. రక్తం తెచ్చే ప్రాణవాయువుతో అది ఎప్పటికప్పుడు తయారు కావలసిందే. రక్తనాళం మూసుకొన్నదా, చిల్లరా చెల్లిపోతుంది, ముడీ ఖాళీ అవుతుంది. హృదయాన్ని సద్యఃప్రాణహర మర్మంగా సుశ్రుతుడు ఎందుకు లెక్కించాడో ఇక్కడ బోధపడుతుంది.

ఆ ముడి విప్పే ఎంజైము క్రియాటిన్ కైనేజ్. గుండె కండరం నశించిన చోట అది రక్తంలోకి కారుతుంది. 1960ల నుండి దానిని కొలిచి గుండెపోటును నిర్ధారించారు. నేడు ట్రోపోనిన్ పరీక్ష ఆ స్థానం ఆక్రమించినది. నొప్పి మొదలైన వెంటనే చేస్తే ఈ పరీక్షలు మామూలుగానే రావచ్చు, కొన్ని గంటలకు మళ్లీ చేయవలెను. మొదటి కాగితం చూసి ఇంటికి బయలుదేరడం ఎంత ప్రమాదమో గృహిణులు కూడా తెలిసికొనవలెను.

ఏ.టి.పి. కూర్పులోని అడినోసిన్ కథ మరొకటి. అది గుండె వేగాన్ని తగ్గిస్తుందని 1929లోనే ఇంగ్లండులో చూపారు. ఒక రకం విపరీతమైన గుండెదడను ఆపే సూదిమందుగా అమెరికాలో అనుమతి లభించినది 1989లో. అరవై సంవత్సరాలు! మన మూలికల పరిశీలనకు కాలం పడుతుందంటే నవ్వేవారు ఈ లెక్క చూడవలెను.

తెల్లమద్ది పట్ట క్షీరపాకం నేనూ ఇస్తాను. అయితే మూసుకొన్న నాళాన్ని అది ఆ గంటలో తెరవదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మాని దీనిని సేవించరాదు. విశ్రాంతిలో కూడా నొప్పి తగ్గకపోయినా, చల్లని చెమటలు పోసినా, కషాయం కాచుతూ కూర్చోక 108కి ఫోను చేసి, ఇ.సి.జి. తీసే ఆసుపత్రికి చేర్చండి. మధుమేహం ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు.